ముసలమ్మకు వేరే మూట

"అయిపోయిందా?" అన్నాడు మేనేజరు, ఇంకా మొదలే పెట్టని పని గురించి.

అది అతని పలకరింపు. పొద్దున్నే అద్దాల గదిలోంచి తల బయటపెట్టి ఆ ఒక్క మాట విసిరేసి లోపలికి పోతాడు. అందుకే అతను లేనప్పుడు అందరూ అతన్ని అయిపోయిందా సారు అంటారు. మూటలక్క తల తిప్పలేదు. తెర మీద అక్షరాలు బారులు బారులుగా పైకి పాకుతున్నాయి.

"ఇప్పుడే కోడు దించాను సార్. అతుకులు వెయ్యాలి."

"తొందరగా కానియ్. ఆసుపత్రుల వాళ్ళు నా పీక మీద కూర్చున్నారు."

మూటలక్క అని పేరు పెట్టింది పక్క కుర్చీలో కాంట్రాక్టు మీద పనిచేసే బక్కోడు. ముప్పై ఏళ్ళవాడు, గాలి గట్టిగా వీస్తే కిటికీ పట్టుకోవాల్సిన ఒళ్ళు. ప్యాకేజీలు కట్టేది ఆమె కాబట్టి మూటలక్క అన్నాడు. ఆ పేరు ఆఫీసంతా పాకింది. ఆమెకూ నచ్చింది. చేసే పనికి ఇంత తిన్నని పేరు ఇంకోటి లేదు.

ఆ కంపెనీ డయాలసిస్ సెంటర్లకు వెబ్‌సైటు నడుపుతుంది. రోగి గేటు దగ్గర మెషీన్లో కార్డు పెడతాడు. ఇవాళ ఈ మనిషికి మంచం ఉందా అని మెషీన్ ఈ ఆఫీసు సర్వర్లను అడుగుతుంది. ఉందంటే తలుపు తెరుచుకుంటుంది. లేదంటే కాపలా మనిషి చెయ్యి అడ్డం పెడతాడు. జవాబు చెప్పే సర్వర్లు ఆరు. ఏది ఖాళీగా ఉంటే ఆ కార్డు దానికి పోతుంది. బయట దొరికే రెడీమేడ్ సాఫ్ట్‌వేరు వాటికి చాలదు. కార్డు చదివే ముక్క ఒకటి కంపెనీ సొంతంగా రాయించుకుంది. బయట కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ కోడు దించుకుని, ఈ ముక్క అతికించి, బిల్డ్ చేసి, అంటే సర్వరు నడపగలిగే రూపంలోకి మార్చి, మూట కట్టి, దాని మీద తన డిజిటల్ ముద్ర వెయ్యాలి. ముద్ర లేని మూటను సర్వర్లు ముట్టుకోవు. ముద్ర పాస్‌వర్డు తెలిసింది ఆమె ఒక్కదానికే.

అయిదు సర్వర్లు కొత్తవి, ఒక కాన్పు పిల్లల్లా ఒకే పోలిక. ఆరోది ముసలమ్మ. మార్చేద్దాం సార్ అని అడిగినప్పుడల్లా చూద్దాం అనేవాడు మేనేజరు, చూస్తూనే ఉన్నాడు. దాని లోపలి సామానంతా పాతది. కొత్త సర్వర్ల కోసం కట్టిన మూట దానికి ఎక్కుతుంది, నడుస్తున్నట్టే కనిపిస్తుంది, కార్డు చదివే ముక్క మాత్రం లోపల అతుక్కోదు. అందుకని ముసలమ్మను ముందు లైన్లోంచి తప్పించాలి. ఎవరి కార్డూ దాని దగ్గరికి రాకుండా చేసి, దాని మీదే దాని మూట వేరేగా కట్టాలి. ఒక పూట పడుతుంది. ఆ పూటే మేనేజరు కళ్ళలో కారం.

ఆ రోజు మధ్యాహ్నం మామగారికి కంటి ఆపరేషను. అయిదు కొత్త సర్వర్లకి సరిపడే బిల్డు మెషీన్ మీద నడుస్తుండగా ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఒరేయ్, ఇది పూర్తయ్యేసరికి నేను రాలేను. నువ్వు చూస్తుండు. రేపొచ్చి ముద్ర వేసి పంపిస్తా. తర్వాత ముసలమ్మ సంగతి."

"నువ్వెళ్ళక్కా. మామగారి కన్ను తెరుచుకోగానే మొదట నీ మొహమే కనిపించాలంట. పాపం, ఆయన ఖర్మ."

"పళ్ళు రాలగొడతా."

కంటి ఆసుపత్రి వరండాలో ఉండగా ఫోనొచ్చింది. మామగారు ఒక కంటికి కట్టుతో బెంచీ మీద కూర్చుని, రిటైరైన బస్సు కండక్టరు కాబట్టి, లోపలికి వెళ్ళేవాళ్ళందరినీ వరసలో రమ్మని అదమాయిస్తున్నాడు. ఆమె ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించింది.

"అక్కా, సారు ఇవాళే పంపాలంటున్నాడు. నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. ముద్ర పాస్‌వర్డు చెప్తావా?"

అది ఎవరికీ చెప్పకూడనిది. కానీ బక్కోడు ఎవరో కాదు. సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని అతుకు ఎలా వెయ్యాలో, ఎక్కడ తెగుతుందో, మెషీన్ ఏడిస్తే ఎందుకు ఏడుస్తుందో అన్నీ నేర్పించిన మనిషి.

చెప్పింది. చెప్పి, "కొత్తవి అయిదుకే పంపు. ముసలమ్మని ముట్టుకోకు. విన్నావా?" అంది.

"విన్నానక్కా."

*

మర్నాడు ఆమె వచ్చేసరికి ఫోన్లు గొంతు చించుకుంటున్నాయి. ఫిర్యాదుల ఫోన్లెత్తే పిన్ని రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని, కళ్ళతోనే ఆమెను రమ్మంది.

"కార్డు పెడితే మంచం లేదంటోందట. కొందరికే. మళ్ళీ పెడితే ఉందంటోందట. ఇదేం మాయరోగమే?"

మూటలక్క నిలబడే కీబోర్డు లాక్కుంది. చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. ముసలమ్మ మీద కొత్త మూట ఉంది. దాని మీద తన ముద్ర ఉంది. వచ్చిన ప్రతి కార్డుకూ ముసలమ్మ లేదు, లేదు, లేదు అని చెబుతోంది, కంగారు లేకుండా, ఎవరి మీదా కోపం లేకుండా.

ఒక్క ఆజ్ఞతో దాన్ని లైన్లోంచి తప్పించింది. ఫోన్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. కానీ పొద్దుటి వరస మంచాలు అప్పటికే నిండిపోయాయి.

ఏం జరిగిందో పిన్ని కన్నీళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. మంచం లేదనగానే గొడవకు దిగినవాళ్ళున్నారు. కాపలా మనిషిని తిట్టి, మెషీన్ని గుద్ది, మళ్ళీ కార్డు పెట్టారు. ఆ రెండోసారి కార్డు వేరే సర్వరుకు పోయింది, తలుపు తెరుచుకుంది. నోరెత్తని వాళ్ళు సరే బాబూ అని ఇంటికి పోయారు. రోగం ఒకటే, కార్డు ఒకటే. అరిచినవాడికి మంచం దొరికింది, మర్యాదస్తుడు ఒంట్లో విషం పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

బక్కోడు కుర్చీలో బిగుసుకుపోయి ఉన్నాడు. పెదవులు తెల్లబడ్డాయి.

"ముట్టుకోవద్దన్నానుగా?"

"చెప్పానక్కా సారుకి. అక్క వద్దందని చెప్పాను. జీతం అక్క ఇస్తుందా నేనిస్తున్నానా అన్నాడు. ఆరు సర్వర్లకీ కొట్టు, అయిపోతుంది అన్నాడు. నేను కొట్టాను."

పిన్ని మొహం పక్కకి తిప్పుకుంది. ఆమె బల్ల బక్కోడి బల్లకు ఆనుకునే ఉంటుంది. ఆ మాట ఆమె చెవిన పడకుండా పోయే దారే లేదు.

సాయంత్రానికి తెలిసింది. ఇంటికి తిరిగిపోయిన వాళ్ళలో ఒక బట్టలు కుట్టే ఆవిడ, ఊపిరాడక పడిపోతే మళ్ళీ మోసుకొచ్చారట. మంచం దొరికిందట. మనిషి దక్కలేదట.

*

తర్వాతి పొద్దున బక్కోడి కార్డు ఆఫీసు తలుపు దగ్గర పనిచెయ్యలేదు.

ఒకసారి పెట్టాడు. ఎర్ర దీపం. చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎర్ర దీపమే. అద్దం తలుపుకు ఇవతల అందరూ కూర్చుని ఉన్నారు. అందరికీ కనిపిస్తోంది, ఎవరూ చూడటం లేదు. గార్డు లేచి, అతని టిఫిను డబ్బా, మగ్గు, గుడ్డతో కుట్టిన చిన్న ఏనుగుబొమ్మ ఒక అట్టపెట్టెలో పెట్టి బయటికి అందించాడు. ఆ ఏనుగు అతని కూతురిది. నాన్న పనిచేసేటప్పుడు చూసుకోవడానికని ఇచ్చిందట. బక్కోడు పెట్టెను కడుపుకి హత్తుకుని ఒక్క నిమిషం నిలబడ్డాడు. మూటలక్క లేచి తలుపు దాకా వెళ్ళేసరికి మెట్లు దిగిపోయాడు.

మనిషిని తీసెయ్యడానికి మాటలు కూడా ఖర్చుపెట్టని కాలం ఇది. ఒక ఎర్ర దీపం చాలు.

మూటలక్కను అద్దాల గదిలోకి పిలిచి మేనేజరు తలుపు వేశాడు. కూర్చోమన్నాడు. నీళ్ళు పోసిచ్చాడు. నీళ్ళిచ్చాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం.

"రేపు ఆసుపత్రుల వాళ్ళొస్తున్నారు. ఆ మూట మీద నీ ముద్రుంది, తెలుసుగా? నిన్ను ఇందులోకి లాగటం నాకిష్టం లేదమ్మా. ఇన్నేళ్ళ మనిషివి. వాడు నీ పాస్‌వర్డు కాజేశాడని ఒక్క మాట చెప్పు. అయిపోతుంది."

"కాజెయ్యలేదు సార్. నేనే చెప్పాను."

"అది ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు, వాడికి తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. ఆరింటికీ కొట్టమన్నది మీరేనని కూడా మన ముగ్గురికీ తెలుసు."

మేనేజరు బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు. "ఇంకో కొత్త వెర్షన్ వచ్చింది, చూశావా? మొన్నటిదాంట్లో హ్యాకర్లు దూరే కన్నం ఒకటి మిగిలిపోయిందట. రేపటికల్లా ఆరింటి మీదా ఉండాలి. దాని సంగతి చూడు. మిగతాది రాత్రికి ఆలోచించుకో."

*

ఆమె భర్త కాలిపోయిన మోటార్లకు తీగ చుడతాడు. ఇంటి ముందు గదే దుకాణం. ఈ రోజుల్లో మోటారు కాలిపోతే చుట్టించేవాళ్ళు తక్కువ, కొత్తది కొనేవాళ్ళు ఎక్కువ. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

ఆమె చెప్పిందంతా అతను రాగి తీగ వేళ్ళ మధ్య నుంచి జారవిడుస్తూ, పెదాలతో చుట్లు లెక్కపెడుతూ విన్నాడు. లెక్క తప్పింది. చుట్టంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పకపోతే ఏం చేస్తాడు?"

"నన్నూ పంపిస్తాడు. కానీ పంపలేడులే. మూట కట్టేవాళ్ళు వేరే లేరు. నేను కీబోర్డు ముట్టకపోతే నాలుగు రోజులకి వాడే దిగొస్తాడు."

"అంత నమ్మకమా?"

"ఎవడున్నాడు చెప్పు ఇంకొకడు?"

కట్టు కట్టిన కన్నుతో మామగారు మంచం మీదనుంచి అందుకున్నాడు. "డ్రైవరు బండి దిగిపోతే బస్సు కదలదనే అనుకున్నాం అమ్మాయ్ మేమూను. సమ్మె చేశాం. మూడో రోజుకి బస్సులు కదిలాయి. తోలుతున్నది ఎవరనుకున్నావ్? మాలోంచి వెళ్ళినవాళ్ళే."

"మీరు కళ్ళు మూసుకుని పడుకోండి మామయ్యా. కంటికి విశ్రాంతి కావాలి."

"ఒకటి మూసే ఉంది. రెండోది కూడా మూసేస్తే ఈ ఇంటిని చూసేదెవరు? సరే, రైట్." బస్సులో ఈల ఊదినట్టు మాట ముగించి అటు తిరిగి పడుకున్నాడు.

బక్కోడికి ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మొహం చెల్లక ఎత్తడం లేదనుకుంది.

*

పొద్దున్నే ఆఫీసు కడుగుగదిలో పిన్ని చేతులు కడుక్కుంటోంది. కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

"ఆవిడ కొడుకు ఫోను చేస్తున్నాడే. నిన్న పొద్దున, సాయంత్రం. ఒకటే ప్రశ్న. మా అమ్మ రెండోసారి కార్డు పెట్టి ఉంటే తలుపు తెరుచుకునేదా అని. ఏం చెప్పను? జవాబు చెప్పొద్దని ఆర్డరు. విచారణ జరుగుతోంది సార్ అంటున్నాను, చిలకలాగా."

"పిన్నీ, సారు బక్కోణ్ణి కొట్టమనడం నువ్వు విన్నావు కదా?"

పిన్ని కుళాయి కట్టేసింది. "విన్నాను."

"ఆసుపత్రుల వాళ్ళ ముందు చెప్తావా?"

"మా ఆయన మంచంలో ఉన్నాడు. ఏడాదిగా నేనే లేపాలి, నేనే పడుకోబెట్టాలి. నన్ను లాగకే తల్లీ. కావాలంటే తిట్టుకో."

తిట్టుకోలేదు. తిట్టడానికి పిన్నిలో ఆమెకు తన మొహమే కనిపించింది.

నేరుగా అద్దాల గదికి వెళ్ళింది. తలుపు తెరిచే పట్టుకుంది, అందరికీ వినపడాలని.

"సార్, అబద్ధం చెప్పను. ఆ పిల్లాడు తిరిగొచ్చి కుర్చీలో కూర్చునేదాకా మూట కట్టను."

గదంతా కీబోర్డుల చప్పుడు ఆగింది. ఎవరో దగ్గబోయి మింగేశారు.

మేనేజరు నవ్వాడు. "అలాగే. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో. ఆవేశం తగ్గాక రా."

ఆమె సంచీ తీసుకుని నడిచింది. బల్లల మధ్య దారి అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. ఒక్కరైనా లేస్తారని చూసింది. గోడకి తగిలించిన తెర మీద అయిదు సర్వర్ల పేర్లు పచ్చగా మెరుస్తున్నాయి, లైన్లో లేని ముసలమ్మది ఒక్కటే బూడిద రంగు. అందరూ దానికేసే చూస్తున్నారు, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు.

*

మర్నాడు తన కార్డు పనిచెయ్యదనుకునే వచ్చింది. పెట్టింది. పచ్చ దీపం. గార్డు కూడా ఆశ్చర్యపోయాడు.

"మీది పనిచేస్తోందమ్మా," అన్నాడు మెల్లగా, తప్పు తనదైనట్టు.

ఆమె కుర్చీలో బక్కోడు కూర్చుని ఉన్నాడు.

పక్క కుర్చీలో కాదు, ఆమె కుర్చీలోనే. కీబోర్డు పక్కన గుడ్డ ఏనుగు. తెర మీద కోడు పైకి పాకుతోంది, ఆమె నేర్పిన వరసలోనే, ఆమె వాడే ఆజ్ఞలతోనే. కుర్చీలో కూర్చునేదాకా అంది కదా. కూర్చున్నాడు.

అతను తల ఎత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"నిన్న నువ్వెళ్ళిన గంటకి ఫోను చేశారక్కా. ఆసుపత్రుల వాళ్ళ ముందు నిలబెట్టారు. నాదే తప్పన్నాను. అక్కకి తెలీకుండా పాస్‌వర్డు చూసి వాడుకున్నానన్నాను." చేతులు కీబోర్డు మీద ఆగలేదు. "మళ్ళీ తీసుకున్నారు. నెలనెలా కొత్తగా రాసుకునే కాంట్రాక్టు. మా ఆవిడకి నెలలు నిండాయక్కా."

ఆమె సంచీ భుజం మీంచి దించింది.

"నీ పేరు రానివ్వలేదక్కా," అన్నాడు.

అదీ సంగతి. ఆమె వాడి కోసం మానేసిన పనిని వాడి చేతే చేయించారు. వాడు తన మెడ తప్పించుకోవడానికి ఆడిన అబద్ధం ఆమె మెడను కూడా తప్పించింది. కొట్టినవాడి చెయ్యి ఎక్కడా కనపడదు. దెబ్బ తిన్నవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. ఇంత చక్కగా కట్టిన మూటను ఆమె తన జన్మలో కట్టలేదు.

మేనేజరు గుమ్మంలోకి వచ్చాడు. "ఆ, వచ్చావా. నువ్వు ఇవాళ్టి నుంచి పిన్నికి సాయంగా ఫోన్ల దగ్గర కూర్చో. ఆవిడకి పని ఎక్కువైంది."

పిన్ని లేచి తన పక్క స్టూలు మీది కాగితాలు తీసింది, కళ్ళెత్తకుండా.

మూటలక్క వెంటనే కదల్లేదు. బక్కోడి భుజం మీదుగా తెర చూసింది. పదేళ్ళ అలవాటు, కళ్ళు వాటంతట అవే వెళ్ళిపోయాయి. అయిదు సర్వర్ల పేర్లు. వాటి కింద ఆరోది. గోడ మీద కూడా ఆరోది మళ్ళీ పచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లైన్లో పెట్టేశారు.

"ముసలమ్మకి వేరేగా కడుతున్నావా?"

"ఆరింటికీ ఒకటే పంపెయ్యమన్నాడక్కా. కన్నం కదా, ఆగకూడదంట. గోడ మీద బూడిద రంగు కనపడితే ఆసుపత్రుల వాళ్ళు ఊరుకోరంట."

అతని చిటికెన వేలు ఎంటరు మీట మీదికి వెళ్ళింది. ఆమె ఆ చేతిని పట్టుకుంది. కోపంగా కాదు, రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు.

"ఒరేయ్, నా మీద ఒట్టూ వద్దు, ఏమీ వద్దు. నువ్వు చేసిన పనికి నేనేం అనను. కానీ అక్కడ గేటు దగ్గర నిలబడేవాళ్ళలో ఎంతమంది గట్టిగా అరవగలరు? ఆ బట్టలు కుట్టే ఆవిడ అరవలేదు."

అతను అద్దాల గదికేసి చూశాడు. ఏనుగుకేసి చూశాడు. వేలు మీట మీదనుంచి తీశాడు. నెమ్మదిగా, ఒక్కో అక్షరం కొడుతూ, ముసలమ్మను లైన్లోంచి తప్పించాడు. గోడ మీద ఆరో పేరు బూడిద రంగులోకి మారింది.

"అయిపోయిందా?" అన్నాడు మేనేజరు గదిలోంచి.

బక్కోడు నీళ్ళు నమిలాడు. "లేదు సార్. ముసలమ్మకి వేరే మూట కట్టాలి. ఒక పూట పడుతుంది."

గదిలోంచి కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది.

అప్పుడే పిన్ని బల్ల మీద ఫోను మోగింది. పిన్ని చెయ్యి చాచి, నంబరు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ అబ్బాయే," అంది.

మూటలక్క వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఇకనుంచి అదే కదా ఆమె చోటు. మూటలు కట్టినన్నాళ్ళూ గేటు దగ్గర మనిషి గొంతు ఆమె ఒక్కసారి కూడా వినలేదు. ఇప్పుడు కంపెనీయే తెచ్చి ఆ గొంతు పక్కన కూర్చోబెట్టింది. ఫోను ఎత్తింది.

అవతల అలసిపోయిన గొంతు, ఇక జవాబు రాదని తెలిసీ అడిగే గొంతు. "మా అమ్మ రెండోసారి కార్డు పెట్టి ఉంటే తలుపు తెరుచుకునేదా అండీ?"

మేనేజరు గుమ్మంలో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. పిన్ని కూడా. బక్కోడి వేళ్ళు ఆగిపోయాయి.

"తెరుచుకునేదండీ," అంది మూటలక్క. "మీ అమ్మగారు చేసిన తప్పేమీ లేదు. మేము పంపకూడనిది పంపాం. దగ్గర పెన్నుందా? ముద్ర నాది, ముందు నా పేరు రాసుకోండి. పంపమన్న మనిషి పేరు తర్వాత చెబుతాను."